ఎలుక కొరికిన పట్టీలు

ఫిబ్రవరి 9

అత్తా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత పెట్టె విప్పు. నీకు అంత ఓపిక ఉండదని తెలిసే పెట్టెకి నాలుగు వైపులా టేపు చుట్టాను.

ఫోను మానేసి ఉత్తరం ఎందుకంటావా. మన ఫోను సంగతి నీకూ తెలుసు. రెండు నిమిషాలు కుశలం, మూడో నిమిషం పోట్లాట, నాలుగో నిమిషంలో "సరేలే, మిషను మీద గుడ్డ ఉంది" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు. పెట్టేసినా నేను రాసింది అందులోనే ఉంటుంది.

పోయిన నెల వచ్చినప్పుడు నీ కుడిచెయ్యి చూసి నాకు నోట మాట రాలేదు. బస్సెక్కాక వచ్చింది, కానీ వినడానికి నువ్వు లేవు. ఇప్పుడు విను. ఆపరేషనై రెండేళ్ళు. రొమ్ములో గడ్డతో పాటు చంకలో గ్రంథులు కూడా తీశారు కాబట్టి చేతిలో నీరు దిగే దారి పోయింది, జాగ్రత్త పడకపోతే ఉబ్బుతుందని ఆ రోజే చెప్పారు. ఉబ్బింది. సాగే తొడుగు ఇచ్చారు. ఎక్కించుకోవడం కష్టమని దాన్లో గుడ్డపీలికలు కూరి, రెండు చివర్లూ కుట్టి, సూదులు గుచ్చుకునే దిండు చేశావు. నా కళ్ళతో చూశాను. గుచ్చిన సూదులు కూడా వరసగా, సైజుల వారీగా ఉన్నాయి. ఆ శ్రద్ధలో పదో వంతు చెయ్యి మీద పెట్టి ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు.

పెట్టెలో ఉన్నది సాగేది కాదు. మా కంపెనీలో పట్టీ తొడుగు అంటాం. దీంట్లోకి చెయ్యి దూర్చక్కర్లేదు. పరిచి, మీద చెయ్యి పెట్టి, ఆరు పట్టీలు ఒక్కొక్కటే లాగి వెల్క్రోతో అంటించడమే. మణికట్టు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. గుడ్డ మీద గీతలు అచ్చువేసి ఉన్నాయి, లోపల ఒక అట్టముక్క ఉంది. అట్ట మీద గీతా గుడ్డ మీద గీతా కలిస్తే బిగువు సరిపోయినట్టు. వేసుకున్నాక చెయ్యి తగ్గేకొద్దీ వదులవుతుంది, అప్పుడు మళ్ళీ లాగాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా రంగు మారినా వదులు చెయ్యాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే తీసేసి ఆసుపత్రికి పోవాలి, మిషను మీద గుడ్డ ఉన్నా సరే.

తొమ్మిదో తరగతితో బడి మానేసినదానికి ఇవన్నీ ఎలా తెలుసంటావేమో. పెట్టెలో పెట్టే కాగితం ప్రతి అక్షరం చదివాను. అర్థం కానిచోట, మా దగ్గరికి కొలతలిచ్చే థెరపిస్టుని గుమ్మంలో నిలబెట్టి అడిగాను.

ఆ ఆరు పట్టీలూ నేనే కుట్టాను. ఒక మాట గుర్తుపెట్టుకో. చెయ్యి పోతే కత్తెర పోతుంది. కత్తెర పోయాక ఆ కొట్లో నువ్వేం చేస్తావో నాకైతే ఊహకి అందడం లేదు.

నీ మొండితనమంతా నేర్చుకున్న,
మేనకోడలు

*

ఫిబ్రవరి 20

గుండుసూదీ,

ముందు పెట్టే విప్పాను. టేపుకి కత్తెర ఎంతసేపు పడుతుందే.

ఉత్తరం తర్వాత చదివాను. నువ్వు ఇలా రాస్తావని తెలిస్తే నీకు అక్షరాలు నేర్పించేదాన్ని కాదు, కాజాలు కుట్టడం ఒక్కటే నేర్పించి ఊరుకునేదాన్ని.

ఇక తొడుగు సంగతి. గుడ్డ మంచిది. కుట్టు వంకర. మూడో పట్టీ మొదట్లో ముడి సరిగా పడలేదు, లోపలి వైపు దారం వదులుగా ఉంది. ఆ కంపెనీలో చూసేవాళ్ళు లేరా. ఇంకొకటి, ఆ పట్టీలకి అంత పొడుగెందుకు. ఒక్కోదాని చివర నాలుగు వేళ్ళ గుడ్డ ఊరికే వేళ్ళాడుతోంది. దర్జీ అన్నవాడు ఇలా చేస్తాడా. కొలత తెలియనివాడే వదులు పెడతాడు.

అందుకని నాకు సరిపోయేలా చేసుకున్నాను. ఎంత బిగువు ఉండాలో నీ అట్టముక్కతోనే చూసి, గుర్తు పెట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించి అంచు మడిచి కుట్టేశాను. ఆ బరబరలాడే వెల్క్రో పీకేసి ఇనప హుక్కులు పెట్టాను, ఒక్కో పట్టీకి రెండు. ఇప్పుడు చూస్తే వస్తువులా ఉంది. ఇస్త్రీ ఆవిడ వచ్చి చూసి, "ఇదేదో కోటు చెయ్యిలా కుదిరింది వదినా, రెండోది కూడా కుట్టుకో" అంది.

కోటు కత్తిరింపులు ఆరు మిగిలి ఉన్నాయి. ఎడమచేత్తో చిన్నవి కత్తిరిస్తున్నాను, పెద్దవి కూర్చుని చేస్తున్నాను. కంగారు పడకు.

వేళకి తిను. అక్కడ జుట్టు కత్తిరించుకున్నావట, నాకు చెప్పనేలేదు.

నీకు సూది పట్టడం నేర్పిన,
అత్త

*

మార్చి 1

కత్తిరించిన అత్తకు,

నీ ఉత్తరం చదివి, టీ తాగి, మళ్ళీ చదివాను. మొదటిసారి తప్పుగా చదివానేమో అనుకున్నాను. లేదు. నువ్వు నిజంగానే కత్తిరించావు.

అత్తా, అది సర్దుకునే తొడుగు. సర్దుకోవడమే దాని పని. పొద్దున చెయ్యి ఒకలా ఉంటుంది, బట్ట కత్తిరించాక ఒకలా ఉంటుంది, ఎండాకాలం ఒకలా ఉంటుంది. ఈ వారం కంటే వచ్చే వారం సన్నబడాలి. నువ్వు ఫిబ్రవరి పందొమ్మిదో తారీకు సాయంత్రం నాలుగింటికి నీ చెయ్యి ఎంత లావుందో అంతకి హుక్కులు కుట్టేశావు. ఇక జీవితాంతం అది ఫిబ్రవరి పందొమ్మిదో తారీకు చెయ్యికే పనికొస్తుంది. నది మీద గేటు పెట్టడం తెలియక గోడ కట్టినట్టుంది.

ఆ "నాలుగు వేళ్ళ గుడ్డ" పట్టుకుని లాగడానికి. కొలత తెలియక పెట్టింది కాదు. నీ దృష్టిలో నీ మేనకోడలు తప్ప ప్రపంచంలో అందరూ కొలత తెలియనివాళ్ళే, ఆ మేనకోడలికీ ముడి వెయ్యడం రాదు.

కొత్త పట్టీలు ఆరు పంపుతున్నాను. మూడో దాని ముడి రెండుసార్లు వేశాను. దయచేసి కత్తెర దగ్గరికి తీసుకెళ్ళకు.

ఇక్కడ నన్ను కుట్టు బల్ల నుంచి తీసి, తిరిగొచ్చిన సరుకు బల్ల మీద కూర్చోబెట్టారు. రోజూ ఇరవై పెట్టెలు. పాడైపోయాయని జనం వెనక్కి పంపినవి. అందులో సగం పట్టీల కొసలు కొరికేసి ఉంటాయి. గుడ్డంతా గాట్లు, పీచు లేచిపోయి. మా సూపర్వైజరు దగ్గర ఒక రబ్బరు ముద్ర ఉంది, "ఎలుక కొరికింది" అని. కొడితే అయిపోయింది, కొత్తది ఇవ్వక్కర్లేదు. ఆయన్ని మేం మిల్లీమీటరు అంటాం, అంతకంటే తేడా వస్తే ఒప్పుకోడు కాబట్టి. ఒళ్ళు మండేదేంటంటే, ఇంత పనికొచ్చే వస్తువుని జనం ఎలకలకి ఎలా వదిలేస్తారో. కాస్త ఎత్తు మీద పెట్టుకోలేరా. నువ్వైనా కొక్కేనికి తగిలించు.

నీ అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. కుడిచెయ్యి ఎంత నొస్తుందో వాటిని చూస్తే తెలుస్తోంది. కంగారు పడకు అని రాసిన మాటే అన్నిటికంటే వంకరగా ఉంది.

ఇంకా కోపంగానే ఉన్న,
గుండుసూది

*

మార్చి 12

కోపధారి కోడలికి,

నా కొట్లో కూర్చుని ముక్కు తుడుచుకుంటూ టాకాలు వేసిన పిల్ల నాకు గేట్లూ గోడలూ చెబుతోంది. చెప్పు తల్లీ, విందాం.

హుక్కులు ఊరికే పెట్టానా. మొదటి రోజే నీ వెల్క్రో ముళ్ళు ఒకావిడ పట్టు గౌనుకి పట్టుకున్నాయి. నేను చెయ్యి తీసేసరికి దారం ఒకటి భుజం నుంచి నడుందాకా లేచింది. ఆ దారాన్ని సూదిమొనతో వెనక్కి తోసుకుంటూ రెండు రోజులు కూర్చున్నాను. ముళ్ళున్న వస్తువు చేతికి కట్టుకుని పట్టుబట్ట కత్తిరించమంటే ఎలాగే. మీ కంపెనీ వాళ్ళు అందరూ రోజంతా మంచంలో పడుకుని ఉంటారనుకున్నారా.

సరే, నీ మాట కాదనలేక కొత్త పట్టీలు వేశాను. కత్తిరించలేదు. పొద్దున్నే వేసుకుంటున్నాను. చెయ్యి బాగుంది. అక్షరాలు చూడు, నీకే తెలుస్తుంది.

నిన్ను తనిఖీ బల్లకి మార్చారంటే ప్రమోషనే కదా. ఆ ముక్క ఉత్తరం మధ్యలో దాచి రాస్తావేంటి. ఇస్త్రీ ఆవిడకి చెప్పాను, ఆవిడ వీధంతా చెప్పింది. కాలరు మార్పించుకోవడానికి వచ్చిన మాస్టారు కూడా అడిగారు, "ఆఫీసరు గారు ఎలా ఉన్నారు" అని.

నాకేం లేదు, పైన ముందు పన్ను ఒకటి కదులుతోంది. వయసు.

నీ గొప్ప చూసి మురిసిపోతున్న,
అత్త

*

మార్చి 20

అత్తా,

వీధంతా తిరిగి చెప్పిన మాట వెనక్కి తీసుకోమను. ప్రమోషను కాదు, శిక్ష. కుట్టు బల్ల దగ్గర ఆరు గంటలు నిలబెట్టి కుట్టిస్తున్నారు, స్టూలు వెయ్యమని అడిగాను. "నీకు కూర్చునే పని కావాలా" అన్నాడు మిల్లీమీటరు, తీసుకెళ్ళి చెత్త పక్కన కూర్చోబెట్టాడు. అదీ నీ ఆఫీసరు వైభోగం.

అయినా ఈసారి నీ మీద కోపం లేదు. ఆ అక్షరాలు చూసి. ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క వంకర లేదు, ఒక్క కొమ్ము జారలేదు. కాగితం తీసుకెళ్ళి బల్ల దగ్గర అందరికీ చూపించాను. ఇది మా అత్త కుడిచెయ్యి, ముందు ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా అయింది, మనం కుట్టే చెత్త ఇంత పని చేస్తుంది అని. ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఆమె తల్లికీ కాలు ఉబ్బుతుందట.

పట్టు సంగతి నాకు తట్టలేదు. నిజమే, తప్పే. పని చేసుకునేవాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు. ప్రస్తుతానికి మీద పల్చటి చొక్కా చెయ్యి వేసుకో.

ఒక్క పని చెయ్యి. ఏడు రోజులు, పొద్దునా సాయంత్రం, మూడు చోట్ల కొలిచి పంపు. మణికట్టు, ముంజేయి మధ్యలో, మోచేతి పైన. ఊరందరినీ కొలిచినదానివి, నీ చెయ్యి నువ్వు కొలుచుకోలేవా. థెరపిస్టుకి చూపిస్తాను.

పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. యాభై మూడేళ్ళకి పన్ను కదలడం వయసు కాదు.

ఈ ఒక్కసారికి శాంతంగా,
గుండుసూది

*

మార్చి 29

గుండుసూదీ,

అడిగిన కొలతలు. మణికట్టు ఎనిమిది అంగుళాలు. ముంజేయి పదకొండున్నర. మోచేతి పైన పద్నాలుగు. ఏడు రోజులూ, పొద్దునా సాయంత్రం ఇంతే. మార్పు లేదు. అంటే నిలకడగా ఉన్నట్టే కదా. థెరపిస్టుకి నా నమస్కారం చెప్పు.

నువ్వు స్టూలు అడగడం మంచిదే, కానీ అడిగే పద్ధతి ఒకటుంటుంది. నీది చెయ్యెత్తి అడిగినట్టుండదు, చెయ్యి చేసుకున్నట్టుంటుంది.

పన్ను మొన్న ఊడిపోయింది. నొప్పేం లేదు. "స" అంటే గాలి పోతోంది. కాలరు మాస్టారు నాతో మాట్లాడుతూ నవ్వాపుకుంటున్నారు.

కత్తిరింపులు మూడు మిగిలాయి.

బోసి నవ్వుతో,
అత్త

*

ఏప్రిల్ 6

అబద్ధాలకోరు అత్తకు,

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు టేపు చేతికిచ్చి నేర్పిన మొదటి పాఠం ఏంటో గుర్తుందా. ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే రెండు కొలతలు వస్తాయి, ఒకే కొలత వచ్చిందంటే రెండోసారి కొలవలేదన్నమాట. నేను బద్ధకించి రెండోసారి కొలవకుండా రాస్తే టేపుతోనే వీపు మీద ఒక్కటిచ్చి చెప్పావు.

పద్నాలుగుసార్లు కొలిచావట. పద్నాలుగుసార్లూ అంగుళంలో దారప్పోగు తేడా లేదట. ఉబ్బిన చెయ్యికి. నువ్వు ఒక్కసారి కూడా కొలవలేదు.

ఆ తర్వాత అక్షరాలు మళ్ళీ చూశాను. ముత్యాలని మురిసిపోయానే, వాటిని కిటికీ దగ్గర పెట్టి చూశాను. ప్రతి వరసా సిరా అలుక్కుపోయి ఉంది. రాసిన దాని మీదుగా అరచెయ్యి ఈడ్చుకుంటూ పోయినట్టు. కుడిచేత్తో రాసేవాళ్ళకి అలా అలుక్కుపోదు. ఎడమచేత్తో రాసేవాళ్ళకే అలుక్కుపోతుంది. రెండు ఉత్తరాలూ నువ్వు ఎడమచేత్తో రాశావు. ఆ కాగితాన్ని నేను యాభైమందికి చూపించి గర్వపడ్డాను.

ఇంకా ఉంది, విను. నిన్న తిరిగొచ్చిన పట్టీ ఒకటి పట్టుకుని కూర్చున్నాను. కొసన గాట్లు. ఎలుకైతే అంచు చిందరవందరగా కొరుకుతుంది. ఇక్కడ గాట్లు వరసగా, చంద్రవంకలా, పైనా కిందా ఎదురెదురుగా ఉన్నాయి. నువ్వు పన్ను ఊడిందని రాసిన మాట గుర్తొచ్చింది. ఆ తొడుగు నా కుడిచేతికి వేసుకున్నాను. ఎనిమిది నెలలుగా ఇవి కుట్టాను, ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఎడమచేత్తో పట్టీ లాగితే తొడుగు మొత్తం చెయ్యి చుట్టూ తిరిగిపోయింది. మోకాలితో అదిమితే జారింది. మళ్ళీ లాగితే గీత దగ్గరికి రాలేదు. ఏం చేశానో చెప్పనా. వంగి, కొస పళ్ళతో పట్టుకుని లాగాను. ఎవరూ చెప్పలేదు. ఆ చేతికి తొడగడానికి ఉన్నది రెండో చెయ్యి ఒక్కటే, మిగిలింది నోరే.

తీసి చూస్తే నా గాట్లూ ఆ గాట్లూ ఒకటే.

ఎలుకలు కాదు అత్తా, మనుషులు. మా దగ్గర పరీక్ష చెయ్యడానికి ఒక చెక్క చెయ్యి ఉంది, బల్లకి బిగించి. దానికి మేం రెండు చేతులతో తొడుగు వేసి, భేష్ అని పెట్టెలో పెడతాం. ఆ చెక్క చెయ్యి తన తొడుగు తనే వేసుకోవాల్సి వస్తే తెలిసేది. ఎత్తు మీద పెట్టుకోలేరా అని ఆ మనుషుల్ని తిట్టింది కూడా నేనే.

ఇప్పుడు నిజం చెప్పు. పన్ను ఎలా ఊడింది. తొడుగు వేసుకుంటున్నావా లేదా. ఈసారి అబద్ధం రాస్తే వచ్చి నీ కొట్టు ముందు కూర్చుంటాను, ఆ ముద్ర తెచ్చి నీ నుదుటి మీద కొడతాను.

నిజం కావాల్సిన,
నీ పెంపకం

*

ఏప్రిల్ 16

గుండుసూదీ,

నీ ఉత్తరం నేను చదవలేదు, విన్నాను. ఆసుపత్రి మంచం మీద. భయపడకు, ఇంటికొచ్చేశాను, అందుకే రాస్తున్నాను. ఉత్తరం అందిన రోజు ఇస్త్రీ ఆవిడ దాన్ని నా దగ్గరికి తెచ్చి పెద్దగా చదివింది. ఆవిడకి చిన్నగా చదవడం రాదు. "అబద్ధాలకోరు అత్తకు" అన్న దగ్గర వార్డంతా ఇటు తిరిగింది. "నుదుటి మీద కొడతాను" అనేసరికి నర్సు కూడా వచ్చి నిలబడింది.

కుడి బొటనవేలికి సూది గుచ్చుకుంది. మనకది రోజూ ఉండేదే కదా, చీకి వదిలేశాను. మర్నాడు మోచేతి దాకా ఎర్రబడింది, సాయంత్రానికి వణుకు. నువ్వు రాసిన మాట గుర్తొచ్చి, మిషను మీద గుడ్డ వదిలేసి వెళ్ళాను. నాలుగు రోజులు మందు ఎక్కించారు. ఇంకో రోజు ఆగి ఉంటే వేరేలా ఉండేదన్నాడు డాక్టరు. ఉబ్బిన చెయ్యికి సూదిపోటు కూడా చిన్నది కాదట.

నిజం అడిగావు. పట్టీలు పళ్ళతోనే లాగాను. ఆరు పట్టీలు, రోజుకి మూడుసార్లు. పన్ను అలాగే ఊడింది. ఊడాక వేసుకోవడం మానేశాను. నీకెందుకు చెప్పలేదంటే, నీ కుట్టుకి వంక పెట్టడం నాకు సరదా. నీ వస్తువుకి వంక పెట్టడానికి నోరు రాలేదు. నాకోసం చేశావు. అది పనికి రాలేదని ఎలా రాయను.

ఎడమచేత్తో రాయడం ఏడాది బట్టీ నేర్చుకుంటున్నాను. కొట్టు మూశాక రోజుకో పేజీ. కుడిది పోతే ఇదైనా ఉండాలని. బాగా వచ్చాక నీ ఉత్తరానికే మొదట వాడాను. నువ్వు దాన్ని చూసి మురిసిపోయావు. అప్పుడిక చెప్పలేకపోయాను.

వార్డులో పక్క మంచం ఆవిడకి నా కథ తెలిసిపోయింది కదా, నీ ధర్మమా అని. తన సంచిలోంచి పట్టీ తొడుగు తీసి చూపించింది. కొసలన్నీ కొరికి ఉన్నాయి. ఇద్దరం ఒకరి నోరు ఒకరం చూసుకుని నవ్వాం. ఆవిడకీ పన్ను లేదు.

వాపు ఎరుపు తగ్గాక మళ్ళీ తొడుగు వేసుకోవచ్చన్నారు. ఇంటికొచ్చి, నీ తొడుగు బల్ల మీద పరిచి రెండు రోజులు చూశాను. ఈసారి కస్టమరు బట్టలా చూశాను. ప్రతి పట్టీ కొసకి ఒక ఉచ్చు కుట్టాను, బొటనవేలు పట్టేంత. వేలు దూర్చి లాగితే జారదు. రెండోది, మొదటి పట్టీకి ఎదురుగా తొడుగు అంచుకి ఇంకో ఉచ్చు పెట్టాను. దాన్ని బల్ల మూల కొక్కేనికి తగిలిస్తే తొడుగు తిరగదు. కొత్త కోటు నడుం పట్టీ సాగదీసేటప్పుడు మనం చేసే పనే అది, నీకు గుర్తుండాలి. మూడోది, ముళ్ళ మీదికి చిన్న గుడ్డ మూత. పట్టుకి అంటుకోదు. పొడుగు కత్తిరించలేదు.

దాన్ని చూసి నాకోసం ఇంకోటి కుట్టుకుని, ఆ మొదటిది నీకు పంపుతున్నాను. కుట్టు చూసి నేర్చుకో.

సరైన మాట ఆలస్యంగా చెప్పిన,
అత్త

*

ఏప్రిల్ 27

అత్తా,

నీ ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. "మంచం మీద" అన్న మాట దగ్గర ఆగిపోయి, మిగతాది గంట తర్వాత చదివాను. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఒక్క ఫోను చెయ్యలేదు. ఇస్త్రీ ఆవిడకి నా నంబరు లేదా. ఊరందరికీ నా ప్రమోషను చెప్పగలిగిన మనిషి, నాకు నీ జ్వరం చెప్పలేకపోయిందా. దీని సంగతి వచ్చాక తేలుస్తాను. నేను తిట్టిన ఉత్తరం ఆ మంచం మీద విన్నావని తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఎవరి మీదో చెప్పలేను. నా మీదే అనుకుంటా.

ఆ మంట తీసుకెళ్ళి మిల్లీమీటరు మీద పెట్టాను.

నీ తొడుగు ఆయన బల్ల మీద వేశాను. తిప్పి చూసి, "ఇది మన డిజైను కాదు" అన్నాడు. కాదని నేనూ అన్నాను. "కొసలు ఎలుకలు కొరికితే ఉచ్చులెందుకు, మూత ఉన్న డబ్బా ఇస్తే పోలా" అన్నాడు. అప్పుడు మన మామూలు తొడుగు ఒకటి తీసి, "సార్, ఒక్కసారి మీ కుడిచేతికి వేసుకోండి, మీ అంతట మీరే" అన్నాను. మిషన్లు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు, వెనక్కి తగ్గితే పరువు పోతుంది. వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో లాగాడు, తిరిగింది. పొట్టకి అదిమాడు, జారింది. మళ్ళీ లాగాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. అప్పుడు తల వంచి, కొస నోట్లో పెట్టుకున్నాడు.

పెట్టుకుని ఆగిపోయాడు. పట్టీ పళ్ళ మధ్య అలాగే ఉంది, కళ్ళు మాత్రం పైకెత్తి మమ్మల్ని చూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనుకుంటా ఆయనకి. మెల్లిగా నోట్లోంచి తీసి, గాట్లు చూసుకున్నాడు, తిరిగొచ్చిన పెట్టెల వైపు చూశాడు.

"ఎన్ని కొట్టాం" అన్నాడు. ముద్ర గురించి. "నేను వచ్చాక నాలుగొందలు" అన్నాను.

క్షమాపణ చెప్పలేదు, ఆశించకు. మధ్యాహ్నం పిలిచి, ఉచ్చులు పెట్టి యాభై కుట్టమన్నాడు, థెరపిస్టులకి పంపి అడుగుతారట. పెట్టెలో పెట్టే కాగితంలో నీ కొక్కెం సంగతి కూడా రాయాలట. ఆ నాలుగొందలమంది మాట అడిగితే పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. రోజూ అడుగుతాను, నన్ను వదిలించుకోవడం అంత తేలిక కాదు. ఆ యాభై ఎవరు కుట్టాలంటే, నోరున్నది కాబట్టి నేనే. మళ్ళీ కుట్టు బల్ల. స్టూలు అడిగాను. వేశారు.

ముద్ర ఆయన సొరుగులోనే ఉంది. సిరా దిండు మాత్రం నా సంచిలో ఉంది.

నాకు కొలతలు పంపు. నిజమైనవి. ఇంకేమీ వద్దు. కొట్టు కబుర్లు వద్దు, మాస్టారు కబుర్లు వద్దు. ఆ కొలతలు అందేదాకా నాకు స్థిమితం ఉండదు.

గుండుసూది

*

మే 8

గుండుసూదీ,

సోమవారం పొద్దున ముంజేయి పదకొండున్నర, సాయంత్రం పన్నెండుకి పావు తక్కువ. మంగళవారం పొద్దున పదకొండుంపావు, సాయంత్రం పదకొండున్నర. బుధవారం పెద్ద కోటు కత్తిరించాను, నిలబడే, కుడిచేత్తో. ఆ సాయంత్రం పన్నెండు. తిట్టుకో. గురువారం తొడుగు విప్పకుండా మూడుసార్లు బిగించాను, పదకొండుంపావు. శుక్రవారం పదకొండు. మణికట్టు ఏడు ముప్పావు, ఒకసారి ఏడున్నర వచ్చింది, నమ్మక మళ్ళీ కొలిస్తే ఏడు ముప్పావే. అదే రాశాను.

ప్రతిదీ రెండుసార్లు కొలిచాను. రెండూ కలవలేదు.

ఇది కుడిచెయ్యి. చీమలబారే. ఈ పేజీకి రెండుసార్లు ఆగాను, ఒకసారి పట్టీలు వదులు చేసుకున్నాను. అలికిన చోటేమైనా ఉందేమో కిటికీ దగ్గర పెట్టి చూసుకో.

నువ్వు పంపిన యాభైలో ఒకటి పక్క మంచం ఆవిడకి ఆసుపత్రి నుంచి వచ్చిందట. కొట్టు వెతుక్కుంటూ తెచ్చి చూపించింది. మేకుకి తగిలించి, బొటనవేలు దూర్చి, నా ఎదురుగానే వేసుకుంది. నోరు మూసుకునే వేసుకుంది. చాలా బాగుంది.

రెండో ఉచ్చు కుట్టు వంకరగా ఉంది. విప్పి మళ్ళీ కుట్టు.

అత్త